పెరుగన్నం అయ్యేదాకా పాస్ లేదు

మైత్రీవనం వెనక సందులో మా హాస్టల్. కోచింగ్ సెంటర్లో పొద్దున ఒక బ్యాచికి, సాయంత్రం ఇంకో బ్యాచికి జావా చెప్పి చెప్పి నా గొంతు కీచుమనేది. ఇక పాఠాలు చాలు, నా ప్రోగ్రాములు నేను రాసుకోవాలి అని గట్టిగా అనిపించిన రోజుల్లో, పంజాగుట్టలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న ఆఫీసొకటి తగిలింది. దాని యజమానికి గో ఆటంటే పిచ్చి.

"మీరు రాసిన ప్రోగ్రాంతోటి నేను ఒక ఆట ఆడ్త మేడం. అది గెలవకున్నా ఫికర్ లేదు. ఆట ఎక్కడ ఆపాలో దానికి తెలిస్తే చాలు, ప్రోగ్రాములు రాసే ఉద్యోగం మీదే" అన్నాడాయన.

ఇదో పెద్ద పనా అనుకుంటూ వచ్చేశాను. నాకు ధీమా కాస్త ఎక్కువే.

గో ఆటలో గళ్ల బోర్డు మీద ఒకరు నల్లరాయి, ఒకరు తెల్లరాయి పెడుతూ పోతారు. చుట్టుముడితే అవతలివాళ్ల రాళ్లు తీసేయవచ్చు. ఎవరి వశంలో ఎక్కువ చోటుంటే వాళ్లది గెలుపు. ఒక్కోచోట నేను నీ రాయి తీస్తే, నువ్వు వెంటనే నా రాయి తీస్తే, బోర్డు మళ్లీ మొదటికొస్తుంది. ఇలా ఎడతెగకుండా తీసుకుంటూ కూర్చోకూడదని, బోర్డు పాత రూపానికి తిరిగి రావద్దని నియమం.

నేను మాత్రం ప్రోగ్రాం ఒక్క ఎత్తు వెనక్కి చూస్తే చాలనుకున్నాను. నా రూమ్మేట్‌ది వరంగల్ వైపు, అక్కా అని పిలిచేదాన్ని. పక్క సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేది. ఒకరి పనిలో తప్పు దొరికిందంటే ఆమెకు ఆ రోజు పండగే. ఆదివారం ఇడ్లీ ప్లేటు ఒళ్లో పెట్టుకుని నా ప్రోగ్రాంతో ఆటకు కూర్చుంది. అలా తీసుకునే చోట్లు బోర్డు మీద మూడు తయారయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటూ ఇద్దరూ గుండ్రంగా తిరగసాగారు. ఇడ్లీలు అయిపోయాయి, ఆట అవలేదు.

"ఏందే గిది, గానుగెద్దు లెక్క తిరుగుతున్నది!"

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. మొదటి ఎత్తు నుంచీ ప్రతి బోర్డునూ గుర్తుపెట్టుకుని, ఏ పాత రూపానికీ తిరిగిపోకుండా కట్టడి చేశాను.

ఇక మిగిలింది పాస్. పెట్టడానికి మంచి చోటు లేకపోతే పాస్ అనవచ్చు. ఇద్దరూ వరసగా పాస్ అంటే ఆట ముగిసినట్టు. మా లెక్కలో అప్పుడు బోర్డు మీదున్న ప్రతి రాయీ, చావబోయేది కూడా, బతికున్నట్టే. అవతలివాళ్లు పాస్ అంటే మనమూ పాస్ అని ఒక్క లైను రాసి చేతులు దులుపుకున్నాను.

అక్క మళ్లీ ఆడింది. ఒక మూల ఆమె రాళ్లు చావుకు సిద్ధంగా ఉన్నాయి. నా ప్రోగ్రాం ఇంకొక్క రాయి పెడితే అన్నీ ఎగిరిపోతాయి. సరిగ్గా అప్పుడే ఆమె పాస్ అంది. నా ప్రోగ్రాం కూడా వినయంగా పాస్ అని, ఓడిపోయింది.

"గెలిచే ఆట ఇడిసిపెట్టి లేశిందేందే!" అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

అప్పుడు తట్టింది నాకు. మాది కోనసీమ. మా ఇంట్లో భోజనాల బంతిలో కూర్చున్నాక పెద్దవాళ్లు లేస్తే అందరూ లేవాల్సిందే. మా పెదనాన్నగారు గబగబా తినేసి లేచేవారు. నా ఆకులో పెరుగన్నం అలాగే ఉండిపోయేది. నాకెంతో ఇష్టమైన పెరుగన్నం! ఆ మర్యాదనే తీసుకెళ్లి ప్రోగ్రాంలో పెట్టాను. అక్కకు చెప్తే ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎవరన్నా లేవనీ. నీ ఆకుల ఏమున్నదో ఫస్టు సూసుకో."

లైను మార్చాను. అవతలివాళ్లు పాస్ అన్నాక ముందు ఎవరికెంత చోటుందో లెక్కపెట్టుకో, గెలుస్తుంటేనే పాస్ అను, లేకపోతే ఆడు.

పంజాగుట్ట ఆఫీసులో యజమాని మంచి జోరుగా ఆడాడు. మూలన తన రాళ్లు చావుకు దగ్గరపడగానే, టీ చప్పరిస్తూ ఏమీ ఎరగనట్టు పాస్ అన్నాడు. ప్రోగ్రాం తొందరపడి లేవలేదు, లెక్క చూసుకుని ఆ రాళ్లన్నీ ఎత్తేసింది. ఆ తర్వాతే పాస్ అంది.

"అరె, మస్తుంది మేడం! మా కొత్త పోరగాండ్లకు నేర్పనీకి మీలాంటోళ్లే కావాలె. ట్రైనర్‌గ సోమవారం వచ్చెయ్యండి" అని లాప్‌టాప్ మూసి లేచి నిలబడ్డాడు.

అలవాటుకొద్దీ నేనూ లేవబోయాను. మళ్లీ పాఠాలా? ఏడుపొచ్చినంత పనయింది. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చునే ఉన్నాను.

"నేనింకా పాస్ అనలేదండీ. మీరు ఇస్తానన్నది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం."

ఆయన నన్ను చూశాడు, మూసిన లాప్‌టాప్‌ను చూశాడు. పెద్దగా నవ్వి, మళ్లీ కూర్చున్నాడు.