కాళ్ళు చూసే కండక్టరు

విరుదునగర్ బస్టాండులో ఆ ప్రైవేటు బస్సుకి టైంకీపరు ఇచ్చే గడువు నాలుగు నిమిషాలు. స్టాండు ఆ చివరనున్న మూత్రశాలకి పోయి రావడానికి పట్టేది ఆరు. ఆ తరుగు రెండు నిమిషాల్ని కండక్టరు వెళ్ళైసామి ఇరవై ఏళ్ళు తన పొత్తికడుపులో మోశాడు. ఒక్కనాడూ ఎవరినీ నిలదీయలేదు. అయితే జనం చెప్పుకునేది ఈ సంగతి కాదు. వెళ్ళైసామి మనుషుల ముఖాలు చూడడు, కాళ్ళు చూస్తాడు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఆయన ప్రసిద్ధి అదే.

టికెట్టు చింపేది కాళ్ళు చూసి. చిల్లర ఇచ్చేది కాళ్ళు చూసి. ఎవరు మీసం పెంచినా, గొరిగించినా ఆయనకి పట్టదు. మడమ పగులు మానితే మాత్రం "నయమయినట్టుందే" అని పలకరిస్తాడు. మేనల్లుడికి పిల్లని చూడను ఎట్టయాపురం పోయి వచ్చాడోసారి. "పిల్ల ఎట్లుండాది?" అని అక్క అడిగితే, "పాదాలు బాగుండాయి. తతిమ్మాది నువ్వు పోయి చూసుకో" అన్నాడట.

సాత్తూరులో దోసకాయల గంప ఎక్కించే చిన్నతాయి రోజూ ఒకటే అడిగేది.

"ఏమి కండక్టరన్నా, కింద ఏమి పారేసుకున్నావు?"

"నా పడుచుదనం. కనబడితే చెప్పు."

"అది ఎప్పుడో వంతెన కాడ జారిపోయుంటాది. ఈ బస్సు అదురుకి ఏది నిలుస్తాది?"

ఈ వేడుకంతా డ్రైవరు కృష్ణసామి అద్దంలో చూసి నవ్వుకునేవాడు. నాలుగేళ్ళుగా ఇద్దరూ ఒకే బండి. ఇద్దరికీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బస్సులో అందరితో తమిళం మాట్లాడిన వెళ్ళైసామి, ఇంజను దగ్గరికి రాగానే "అల్లుడా" అనేవాడు. వరసకి ఏమీ కారు. ఆ పిలుపే చుట్టరికం.

తొంభై ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున కృష్ణసామి బూట్లు వేసుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక రబ్బరు చెప్పులు తప్ప ఎరగనివాడు, మేజోళ్ళతో సహా.

"ఏమల్లుడా, మళ్ళీ పెండ్లా?"

"సుమ్మా, ఊరికే మామా. ఫ్యాషను."

"ఈ ఎండలో ఫ్యాషనా? వేళ్ళు ఇడ్లీల మాదిరి ఉడుకుతా ఉంటాయి."

అసలు సంగతి బూటు లోపల ఉంది. ఆ ఊళ్ళలో మగవాడికి ఒంటికి పోయినప్పుడు మంట పుడితే, ఒళ్ళు వేడి చేసిందంటారు. కాలి బొటనవేలి గోటికి తాంబూలపు సున్నం రాస్తే వేడి దిగుతుందంటారు. తాత రాసుకున్నాడు, తండ్రి రాసుకున్నాడు. కృష్ణసామి రెండు నెలలుగా రాత్రిళ్ళు రాసి పొద్దున కడుక్కుంటున్నాడు. కడిగినా పోనంతగా వేలు తెల్లబడింది గాని మంట దిగలేదు. సీట్లో కూర్చుంటే కింద నొప్పి. మాటిమాటికీ పోవాలనిపించడం, పోతే నాలుగు చుక్కలు.

అవి ఎయిడ్సు బొమ్మలు గోడలెక్కిన రోజులు. బొమ్మలో ఎప్పుడూ డ్రైవరే. డ్రైవరు కాలికి సున్నం కనబడితే చాలు, సుఖవ్యాధేనని ఊరు తీర్పు చెప్పేస్తుంది. భార్య కర్పగం ఏమనుకుంటుంది? యజమాని మరునాడు బండి ఇస్తాడా? ఏ తప్పూ చేయని మనిషి దొంగలాగా బూట్లు తొడిగాడు.

వెళ్ళైసామికి మంగళవారం సెలవు. ఆ సోమవారం మధ్యాహ్నం ఖాళీ బస్సులో ఇంజను పెట్టె పక్కన చతికిలబడి, "బూటు తియ్యి" అన్నాడు.

"కంపు కొడతాది మామా."

"ఇరవై ఏండ్లుగా జనం కాళ్ళ కాడనే ఉండా. కంపు నాకు కొత్తనా?"

కృష్ణసామి కదలలేదు. వెళ్ళైసామే వంగి తాడు విప్పి, మేజోడు లాగాడు. తెల్లటి గోరు బయటపడింది. ఆయన నవ్వలేదు. తలెత్తి ముఖమూ చూడలేదు. అందుకేనేమో కృష్ణసామికి నోరు పెగిలింది.

"నేను ఎక్కడికీ పోలేదు మామా. కర్పగం మీద ఆన."

"నేను అడిగినానా? రేపు లీవు పెట్టి నాతో దా."

కోవిల్‌పట్టి పెద్దాసుపత్రిలో చీటీలు రాసే నర్సు కలైవాణి వెళ్ళైసామిని చూడగానే నవ్వింది. "ఈ వారం ఈయనా? ఏదీ, బొటనవేలు చూపించమనండి" అంది తమిళంలో.

కృష్ణసామి బిత్తరపోయాడు. "ఈ వారమా?"

"మంగళవారం మంగళవారం ఒకరిని పట్టుకొస్తారు. బస్సులో సున్నం కాలు కనబడితే వదలరు. మీకు చెప్పలేదా?"

"నా కత కూడా చెప్పు సిస్టర్" అన్నాడు వెళ్ళైసామి, ఆమె చెప్పులు చూస్తూ.

అయిదేళ్ళ కిందట సాత్తూరు వంతెన మీద కండక్టరు ఎండదెబ్బకి పడిపోయాడని కృష్ణసామి విన్నదే. అది ఎండదెబ్బ కాదు. మూత్రం పూర్తిగా ఆగిపోయింది. గొట్టం వేసి తీశారు. అంతకు ముందు మూడేళ్ళు ఆయన చేసుకున్న వైద్యం బొటనవేలికి సున్నం.

డాక్టరు ముందు కృష్ణసామి మళ్ళీ ఆన పెట్టబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఆనలు కోర్టులో. ఇక్కడ పరీక్షలు. మూత్రంలో క్రిములుండొచ్చు, రాయి ఉండొచ్చు, చక్కెర జబ్బు కావచ్చు. వయసు పైబడితే మూత్రసంచి కింది గ్రంథి వాస్తుంది. దారే ఇరుకు కావచ్చు. సుఖవ్యాధే అయినా మందుంది. చూడకుండా చెప్పడం నాకే చేతకాదు, మీ సున్నానికి ఎలా తెలుస్తుంది?"

పరీక్షల్లో క్రిములు లేవు, రాయి లేదు, చక్కెర లేదు. అదిరే సీటు మీద గంటల తరబడి కూర్చుని, బిగబట్టి బిగబట్టి, కటి కండరాలే బిగుసుకుపోయి ఉంటాయన్నాడు డాక్టరు. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోమన్నాడు. కండరాలు వదులు చేసే పద్ధతి నేర్పాడు. నీళ్ళు తాగమన్నాడు, వచ్చినప్పుడు పోయి రమ్మన్నాడు, నెలకి మళ్ళీ కనబడమన్నాడు.

"వచ్చినప్పుడు పోవాలంటే, నాలుగు నిమిషాల్లో ఎట్లా సార్?"

దానికి డాక్టరు దగ్గర చీటీ లేదు.

వెళ్ళైసామి దగ్గర ఉంది. మరునాడు విరుదునగర్‌లో బస్సు ఆగగానే కృష్ణసామి చెయ్యి పట్టుకుని మూత్రశాల వైపు నడిచాడు. టైంకీపరు విజిలు ఊదాడు. వెళ్ళైసామి వెనక్కి తిరిగి, తన మెడలోని విజిలు అంతకన్నా గట్టిగా ఊదాడు. ఇరవై ఏళ్ళు తనకోసం అడగని రెండు నిమిషాల్ని అల్లుడి కోసం లాక్కున్నాడు.

మూడు నెలల్లో బాధ చాలావరకు తగ్గింది. కృష్ణసామి కర్పగానికి అంతా చెప్పేశాడు. "బూట్లేసుకున్ననాడే అనుకుంటిని, పిచ్చి పట్టిందని" అని ఆమె సున్నం డబ్బీని తిరిగి తాంబూలం పళ్ళెంలో పెట్టుకుంది.

రెండువేల నాలుగులో వెళ్ళైసామి పని మానుకుని పుదూరులో కూతురింటికి చేరాడు. కొత్త కండక్టరు మణికంఠన్ మంచివాడే. అందరి ముఖాలూ చూస్తాడు. అద్దంలో ఆ వంగిన బట్టతల లేక కృష్ణసామికి దారి పొడుగైపోయింది. "అల్లుడా" అనే గొంతు లేక, తెలుగు రోజంతా నోట్లోనే ఉండిపోతుంది. పుదూరు బస్సు పక్కన ఆగితే చాలు, దిగేవాళ్ళలో ఒక జత కాళ్ళ కోసం వెతుక్కుంటాడు.

మొన్న చిన్నతాయి గంప ఎక్కించి అడిగింది. "ఏమి డ్రైవరన్నా, నువ్వూ కింద ఏదో పారేసుకున్నట్టుండావే?"

"మా మామని. కనబడితే చెప్పు."

ఇది చదివిన మీరూ బస్సెక్కినప్పుడు ఒకసారి కిందికి చూడండి. తెల్లటి గోరు కనబడితే నవ్వకండి, ఆస్పత్రికి తోడు వెళ్ళండి. మీ ఊరి బస్టాండులో డ్రైవరూ కండక్టరూ మూత్రశాలకి పోయి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నడిచి చూడండి. గడువు చాలకపోతే అర్జీ పెట్టండి. అర్జీ రాయడానికి బద్ధకమైతే, కనీసం ఒక విజిలు కొనండి.