కమల పేరు నిలవని చోట

ఎండలో కాలిన నాపరాళ్ల మీద నీళ్లు చల్లితే ఒక వాసన లేస్తుంది. నిన్న మధ్యాహ్నం తాండూరులో మా వాకిట్లో ఆ వాసన రాగానే, నా చూపుడువేలు దానంతట అదే తడిరాయి మీద 'క' రాసింది. నాకు అక్షరాలు నేర్పిన సుశీలమ్మ టీచర్ అలాగే రాయించేది.

ఆమె వికారాబాద్ బడిలో పనిచేసి రిటైరైంది. వారం వారం రైలెక్కి తాండూరు వచ్చి, మేం పనిచేసే పప్పుమిల్లు షెడ్డులో అన్నం వేళ ఆడవాళ్లకు చదువు చెప్పేది. పలకలు వద్దని, నీళ్ల గిన్నెలో వేలు ముంచి కింది రాళ్ల మీద రాయమనేది. "తప్పు రాసినా ఆరిపోతది, భయపడకుండ్రి" అనేది. అప్పటికి నాకు నలభై దాటాయి. నా పక్కన కూర్చునే అంజమ్మ "గీ వయసుల మనకు కలెక్టరు కొలువిస్తరా టీచరమ్మ?" అని నవ్వేది. "ఇస్తే నన్ను మర్చిపోకు" అనేది టీచర్.

మొదటి రోజే ఆమె నా ముంజేతి మీది పచ్చబొట్టు చూసింది. చిన్నప్పుడు జాతరలో నేనూ మా చెల్లెలు కమలా ఒకరి పేరు ఒకరం పొడిపించుకున్నాం. అది పేరని తెలుసు గాని చదవడం తెలియదు. "క, మ, ల" అని టీచర్ వేలు పెట్టి చూపింది. నేను చదివిన మొదటి మాట అదే. "చెల్లె ఎక్కడుంటది?" అని అడిగితే కొంగుతో పచ్చబొట్టు కప్పుకున్నాను.

కమల పాత రాతిగని గుంతలో బట్టలు ఉతకబోయి, జారి మునిగిపోయింది. అప్పుడు నేను అక్కడ లేను. కలలో మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటాను. ఆమె నీళ్లలోకి దిగుతుంటుంది, నా కాళ్లు కదలవు, అరుస్తూ లేస్తాను. నిద్రకు భయపడి మేలుకునేదాన్ని. ఒకరోజు మిల్లులో కునుకు పట్టి, నా కొంగు మిషను బెల్టులో పడబోతే అంజమ్మ లాగేసింది. ఆ సంగతి విని టీచర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిద్ర పోతలేవా మణెమ్మా?"

"పండుకోవాలంటెనే బుగులైతది టీచరమ్మ. మల్ల చెల్లె మునుగుడే కనబడతది."

"కలల ఉన్నప్పుడు గది కలని తెలుస్తదా?"

"లేచినంక తెలుస్తది."

ఆమె వేలు తడిచేసి రాయి మీద 'కమల' అని రాసింది. అది ఆరేదాకా చూడమంది. "కలల రాత గిట్లనే, నిలవది. ఒకసారి చూసి మల్ల చూస్తే మారుతది. దినాం పని చేసుకుంట నీ చేతి మీది పేరు రెండుసార్లు చూడు. ఇది కలనా అని అడుగు. అలవాటైతే కలల గూడ చూస్తవ్. మా ఆయన పోయినంక నేను గిట్లనే నేర్చుకున్న." రాయి మీది పేరు ఆరాక మళ్లీ అంది: "తెలుసుడంటే ఒక్క తీరు గాదు బిడ్డ. గీ పచ్చబొట్టు నీకు ముందుగాల ఉత్త గీతలు. తర్వాత కూడబలుక్కున్నవ్. ఇప్పుడు చూడంగనే చెల్లె పేరు. కలల గూడ మెల్లగనే తెలుస్తది."

మెల్లగానే తెలిసింది. మొదట కల మధ్యలో ఒక చిన్న అనుమానం, నీళ్ల చప్పుడు లేదేమని. అయినా అరుస్తూనే లేచాను. తర్వాతొకసారి కలలో చేయి చూసుకున్నాను. 'కమల' అనే ఉంది. మళ్లీ చూస్తే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. కల అని తెలిసింది. కాళ్లు కదలకపోయినా భయం సగమైంది. ఇంకోసారి కాళ్లూ కదిలాయి. పరుగెత్తి కమల చేయి పట్టి గట్టుకు లాగాను. లాగగానే మెలకువ వచ్చింది. ఆ రోజు ఏడ్చినంతగా ఎన్నడూ ఏడవలేదు.

"పట్టుకున్న టీచరమ్మ. ఉండలే."

"నేను గూడ ఆయనను ఇంటికి తోల్కరావాలని మస్తు చూసిన" అంది టీచర్. "దర్వాజ దాటంగనే మెలకువొస్తది. కలని తెలిసినంక గుంజుడొక్కటే పని గాదు బిడ్డ. ఊకె పక్కన ఉండుడు గూడ ఉంటది. నాకింక అది చాత గాలే. నీకైతే చెప్పు."

ఒక సెలవునాటి మధ్యాహ్నం ఆ కల మళ్లీ వచ్చింది. పేరు పాకింది. కల అని తెలిసి, లాగకుండా గట్టు మీద కూర్చున్నాను. కమల తిరిగి చూసింది.

"ఏందక్కా, ఊకె గూసున్నవ్? గీ చీర గా కొసకు పట్టు."

పట్టుకున్నాను. చెరో కొసా మెలిపెట్టి పిండాం. కమల లేదని నాకు తెలుసు. తెలిసే పిండుతున్నాను.

మర్నాడే రైల్లో వికారాబాద్ వెళ్లాను. టీచర్ అప్పటికే మంచం పట్టింది. కళ్లు మూసుకుని అంతా విన్నది.

"చీర ఏ రంగుది?"

"పసుపుపచ్చ."

"నీళ్లు చల్లగున్నయా?"

"ఉన్నయి టీచరమ్మ."

నా పచ్చబొట్టు మీద వేలు పెట్టింది. నా చేయి వదల్లేదు. ఆ చలికాలం దాటకుండానే పోయింది.

ఆ కల ఇప్పటికీ వస్తుంది. ఒక్కోసారి ఏమీ తెలియక అరుస్తూ లేస్తాను, ఒక్కోసారి తెలుస్తుంది. ఏది వచ్చినా కమలను చూశాననే అనుకుంటాను. టీచర్ నేర్పిన ప్రశ్న మాత్రం పగలే ఎక్కువగా పనికొస్తోంది. మిల్లులో అంజమ్మ తన డబ్బాలోని పచ్చడి అడగకుండానే నా అన్నంలో వేసి, "తిను, గట్ల చూస్తవేంది?" అంటుంది. ఇది కలనా అని నన్ను నేను అడుగుతాను. కాదు. అప్పుడు ఆమె ముఖం మరోసారి చూసి, ముద్ద కలుపుకుంటాను.