సోఫె బొటనవేలు

ఆ ఏడు సోఫెని అందరికన్నా ఎక్కువ విసిగించింది ఆమె కుడి బొటనవేలే. మంచుమీద నడిచే మోటారు బండి కదలాలంటే ఆ వేలితోనే మీట నొక్కాలి. కీళ్లవాతం పట్టి అది ఆకులు రాలే కాలం నుంచీ మొరాయిస్తోంది. సోఫె ఎవరికీ చెప్పలేదు. అరచేత్తో మీట నొక్కుతూ చలికాలమంతా నెట్టుకొచ్చింది. చెబితే ఇంట్లో కూర్చోబెడతారని భయం. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ రెయిన్‌డీర్ల మంద ముందు నడిచిన మనిషి, పొయ్యి ముందు కూర్చుని ఏం చేస్తుంది?

ఆ కొండల్లో ఎవరి బండి ఇంజను బెల్టు తెగినా "సోఫె ఏదీ?" అనేవాళ్లు. కొత్త బెల్టుని పెట్టెలో పడేసి తిరిగేవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లుమంట. ఆ చలికి అది కట్టెలా బిగుసుకుపోతుంది, ఎక్కించబోతే పగులుతుంది. తను మాత్రం కోటు లోపల నడుముకి చుట్టుకునేది. "మొగుడికన్నా ఎక్కువ కాలం నన్ను అంటిపెట్టుకుని ఉన్నది ఇదే" అనేది, నవ్వకుండా.

ఆ పొద్దున రెయిన్‌డీర్ల మంద సముద్రం వైపు సాగుతోంది. కొడుకు మాహ్తె వెనకబడ్డవాటిని తోలుకుంటూ చాలా దూరంలో ఉన్నాడు. ముందు బండి సోఫెది. వెనక సీట్లో కోడలు రవ్ద్నా. దిగువన గడ్డకట్టిన నది. దగ్గరి రేవులో మంచు పలచబడింది, ఎగువన ఇంకా గట్టిగానే ఉంది. మందకి దారితీసే ముసలి ఆడ రెయిన్‌డీరు దగ్గరి రేవుకే మొగ్గింది. దాన్ని మళ్లించకపోతే కడుపుతో ఉన్నవన్నీ దాని వెంటే నీళ్లపాలవుతాయి. సోఫె అరచేత్తో మీటని ఒక్కసారిగా అదిమింది. వేలికున్న ఒడుపు అరచేతికి ఎక్కడిది? బండి ఎగిరిపడింది, ఫట్‌మని బెల్టు తెగింది.

"ఏమైందత్తా?"

"నా కర్మ. దిగు."

ఇంజను మూత తీసి, బెల్టు తిరిగే పుల్లీలకి చుట్టుకున్న పాత బెల్టు పీచంతా లాగేసింది సోఫె. పోగు మిగిలినా కొత్తదీ తెగుతుంది. నడుముకున్న బెల్టు విప్పి, దానిమీది అక్షరాలు సూటిగా కనబడేలా ముందు పుల్లీకి తగిలించింది. వెనక పుల్లీకున్న రెండు పళ్లేలు విచ్చుకుంటేగాని బెల్టు ఎక్కదు. వాటిని విడదీసే పనిముట్టు మాహ్తె బండిలో ఉండిపోయింది. ఉత్త చేతులతో తోసింది. వేలు వంగిపోయింది. మళ్లీ తోసింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జరుగత్తా, నేను చేస్తా."

"పట్నంలో పెరిగినదానివి, నీకేం తెలుసే?"

"తెలీకపోతే చెప్పు. మందలో ముసల్ది నది దాకా పోయింది, చూడు."

సోఫె చూసింది. ఇక దాచి లాభం లేదు. "నా వేలు చచ్చిపోయిందే" అంది.

రవ్ద్నా చేతితొడుగులు తీసి పడేసింది.

"బ్రేకు కట్టేసే ఉంది. అటు పళ్లేన్ని రెండు చేతులా పట్టుకో. తిప్పుతూ తొయ్యి. లాగుతావేంటి, తొయ్యి! విచ్చుకుందా? బెల్టుని సందులోకి దించు. వదులొచ్చిందిగా, పై అంచు మీంచి దొర్లించు. మెల్లగా..."

"అరవకత్తా, దొర్లిస్తున్నా!"

ఎక్కింది. బెల్టు అంచుదాకా తేలేవరకూ పుల్లీని చేత్తో తిప్పింది రవ్ద్నా. మూత వేసి చూసేసరికి సోఫె వెనక సీట్లో కూర్చుని ఉంది.

"ముందు కూర్చో. మొదట మెల్లగా పోనీ, కొత్తది కాస్త వేడెక్కాలి."

బండి చుట్టు తిరిగి వెళ్లి నదికీ ముసలి రెయిన్‌డీరుకీ మధ్య నిలబడింది. అది బుసకొట్టి, కాసేపు ఆలోచించి, ఎగువకి తిరిగింది. మంద దాని వెంట తిరిగింది, బండి పక్కనే సాగింది.

"ఎప్పట్నుంచత్తా?"

"మంచు పడకముందు నుంచీ."

"ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"ఇంట్లో కూర్చోబెడతారుగా."

"ఎవరు కూర్చోబెడతారు నిన్ను? నదిమీద ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ లేదో నాకేం తెలుసు? వెనక కూర్చుని ఇలాగే అరుస్తుండు."

సోఫెకి ఇంతేనా, ఈపాటి మాటకా చలికాలమంతా చేతిని చంపుకున్నాను అనిపించి, తనమీద తనకే కోపమొచ్చింది. అలసటంతా ఒక్కసారిగా మీద పడింది. కోడలి వీపుకి తలానించి ఏడ్చేసింది.

రవ్ద్నా వెనక్కి తిరగబోయింది.

"నన్నేం చూస్తావ్? దారి చూడు" అంది సోఫె, ముక్కు తుడుచుకుంటూ. "ఎడమకి కొట్టు మొద్దూ, అక్కడ రాయుంది!"