ఖాజా అంగట్లో పెరిగిన నక్షా

దయ్యాల కథలు చదివేవాళ్ళను నేను వెక్కిరించేదాన్ని. పోయినవాళ్ళు దేవుడి పిలుపు వచ్చేదాకా నిద్రలో ఉంటారని మా చర్చిలో చెప్తారు. నాకు అది చాలు. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అయినా ఇది నా కళ్ళముందు జరిగింది కాబట్టి, జరిగినట్టే రాస్తున్నాను.

మాది కోడుమూరు. మా ఆయన సుధాకర్ పొలాలు కొలిచే సర్వేయరు. పోయిన ఎండాకాలం గుండె ఆగి చనిపోయాడు.

ఆయనకు ఒకటే పిచ్చి ఉండేది. పుస్తకంలా మూసుకునే, రెండు తెరలున్న చిన్న వీడియో గేమ్ యంత్రం, అందులో జపాన్ వాళ్ళ పాత ఆట. కొందరిని జట్టుగా కట్టుకొని ఒక పెద్ద గుహలోకి అంతస్తు తర్వాత అంతస్తు దిగాలి. పై తెర మీద దారి కనిపిస్తుంది. నక్షా మాత్రం ఆట ఇవ్వదు. నడిచిన దారిని కింది తెర మీద పుల్లతో మనమే గీసుకోవాలి. ఆయన ప్రతి మలుపులోనూ సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టేవాడు. పొలం నక్షాల్లో హద్దురాళ్ళకు ఆయన వేసుకునే గుర్తు అది. పగలంతా ఎండలో రాళ్ళు వెతికి, ఇంటికొచ్చి మళ్ళీ రాళ్ళు పాతేవాడు.

ఆ ఆటను ఆయనా, బస్టాండు దగ్గరి టైలరు ఖాజా కలిసి ఆడేవాళ్ళు. యంత్రం ఒకటే. ఒకరు కొంతదూరం పోయి రెండోవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. నక్షా ఈయన పని, కొట్లాట ఖాజా పని. నేను రవికలు ఇవ్వడానికి పోయినప్పుడు వినేదాన్ని.

"మళ్ళీ అందర్నీ చంపుకొని వచ్చినావా? నీకు కత్తెర తప్ప కత్తి పట్టేది రాదప్పా!"

"నువ్వు గీసిన దారే వంకర, నేనేం చేద్దు?" ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు.

ఇంట్లో ఆయన అట్లా నవ్వగా నేను వినలేదు.

ఆయన పోయాక యంత్రం ఖాజా దగ్గరే ఉండిపోయింది. చలికాలంలో ఒకరోజు ఖాజా వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"తిట్టద్దు వదినా. నేను ముట్టకుండానే నక్షా పెరుగుతాండాది. మా సుధాకరే గీస్తాండాడు."

తెరిచి చూపించాడు. జట్టు ఇంకా దిగని అంతస్తు అది. నడవని చోట గీయడానికి ఆ ఆట ఒప్పుకోదట. అక్కడ దారులున్నాయి. మలుపుల్లో చుక్క పెట్టిన సున్నాలున్నాయి. ప్రమాదమని గుర్తు పెట్టిన గదిని తప్పించి, ఖాజా కోసం ఒక పక్కదారి కూడా ఉంది.

నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది.

"ఇది మా ఆయనది. ఈడ పెట్టి పో" అన్నాను. యంత్రాన్ని గడప మీద పెట్టి పోయాడు.

దాన్ని దిండు పక్కన పెట్టుకున్నాను. ఛార్జింగు తగ్గనివ్వలేదు. ఆడటం కూడా నేర్చుకున్నాను. జట్టులోవాళ్ళకు వాళ్ళిద్దరూ పెట్టుకున్న పేర్లు చూశాను. ఖాజా ఉన్నాడు, ఆయన ఉన్నాడు, వాళ్ళ పాత హెడ్‌మాస్టరు, టీ కొట్టాయన ఉన్నారు. బస్టాండు కుక్క రాజు కూడా ఉంది. నేను లేను.

ఖాజాకు ఫోన్ చేసి అడిగాను.

"నిన్ను ఆ గుహలోకి దించనీకి వానికి మనసు రాలేదు వదినా."

"కుక్కను దించనీకి వచ్చిందే!"

"అది వాడు పిలవకున్నా వెంబడి వచ్చేది కదా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

నా దగ్గర ఉన్నన్నాళ్ళూ దానంతటది ఒక్క గీత పడలేదు. ఈస్టరుకు ముందు అందరిలాగే సమాధుల తోటకు పోయి ఆయన సమాధికి సున్నం వేశాను. వేస్తూ అడిగాను, ఖాజాకేనా, నాకేమీ లేదా అని. పక్క సమాధి కడుగుతున్నవాళ్ళు తలతిప్పి చూశారు. అంతే.

ఆ మరుసటి వారం మధ్యాహ్నం యంత్రం తీసుకొని ఖాజా అంగడికి పోయాను. మోసం పట్టుకోవాలనే పోయాను. బట్ట కత్తిరించే బల్ల మీద దాన్ని మూసిపెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఖాజా బడిపిల్లల చొక్కాలు కుడుతున్నాడు. రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి. నేను కన్ను తిప్పలేదు. తర్వాత నా చేత్తోనే తెరిచాను.

ఇంకా కింది అంతస్తు సగం గీసి ఉంది. మేమిద్దరం వంగి చూస్తుండగానే గీత ముందుకు పోయింది. మూల దగ్గర ఆగింది. సున్నా చుట్టుకుంది. కాసేపటికి దాని మధ్యలో చుక్క పడింది.

"ఏమప్పా, యాడుండావప్పా" అని ఖాజా ఆ తెరతో అన్నాడు. ఏడ్చేశాడు. తర్వాత యంత్రాన్ని నా వైపు జరిపాడు. "తీస్కపో వదినా. నీ హక్కు."

"నా దగ్గర గీయడు" అని యంత్రాన్ని అక్కడే వదిలి లేచి వచ్చేశాను.

తర్వాత కర్నూలులో మరమ్మతులు చేసే ఒకాయనకు ఖాజా దాన్ని చూపించాడు. తెర పాడైతే పిచ్చిగీతలు పడొచ్చు గానీ దారులు పడవని ఆయన చెప్పాడట. నాకు ఇంతకన్నా తెలియదు. ఖాజా ఇప్పటికీ ఆ దారుల్లోనే నడుస్తున్నాడు, ఈమధ్య జట్టు చావడం లేదంటాడు.

పోయినవాళ్ళు గీత గీయగలరో లేదో నేను చెప్పలేను. గీయగలిగితే, మా ఇంట్లో గోడలు చాలా ఉన్నాయి.