గులాబీల మీద కప్పిన సంచులు

ముప్ఫై ఏళ్ళ పైనుంచి ఒక పార కర్రను మోస్తున్నాను. ఆ కర్ర ఇప్పుడు లేదు. ఆ ఏడే పొయ్యిలో పెట్టి కాల్చేశాను. అయినా దాని బరువు నా కుడి అరచేతిలో అలాగే ఉంది. అన్నం కలుపుకుంటున్నప్పుడు ఉంటుంది, మనవరాలి తల నిమురుతున్నప్పుడూ ఉంటుంది. నా పేరు అడగకండి. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్ళు ఆగేవాణ్ణి కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. మధ్యలో ఈ కాగితం పక్కన పెట్టి లేచి వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళండి, తప్పు పట్టను.

మాది విజయనగరం దగ్గర పల్లె. మా వైపు నుంచి బస్తర్ ఇనుప గనుల్లోకి, అక్కడికి వేసిన రైలు మార్గంలోకి పనికి వెళ్ళినవాళ్ళు చాలామంది. నేనూ వెళ్ళాను. చాలామందికి కింద బచేలీలో, కిరండూల్‌లో ఇళ్ళిచ్చారు. నాకు కొండ మీద క్వార్టర్ దొరికింది. బ్లాస్టింగ్ సెక్షన్‌లో ఫోర్‌మన్‌ని. సైరన్ మోగాక కొండను పేల్చడం నా ఉద్యోగం. నేల అదిరేది, ఎర్ర దుమ్ము లేచేది, ఇళ్ళల్లో గిన్నెలు గలగలమనేవి. మా ఆవిడ మొదట్లో చెవులు మూసుకునేది. నాకు మాత్రం ఆ చప్పుడంటే ఇష్టం. దాచడమెందుకు, చాలా ఇష్టం. నేను చెయ్యెత్తితే కొండ కూలేది. ఏళ్ళ తరబడి అలాంటి పని చేసినవాడికి ఎదురు చెప్పే మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇది సాకు కాదు. నేనెలాంటివాణ్ణో ముందే తెలిస్తే మంచిదని చెబుతున్నాను.

నాకు గులాబీల పిచ్చి ఉండేది. కొండ మీది చల్లదనానికి గులాబీ బాగా పూస్తుంది. టౌన్‌షిప్పులో ఏటా చలికాలం చివర్లో ఫ్లవర్ షో పెట్టేవారు, మంచి గులాబీకి కప్పు ఇచ్చేవారు. రెండేళ్ళు వరసగా ఎదురు వరసలో ఉన్న ఎలక్ట్రికల్ సెక్షన్ ఆయన ఆ కప్పు గెలుచుకుపోయాడు. మూడో ఏడు నేను పంతానికి కడియం నర్సరీలకు వెళ్ళి పద్నాలుగు మొక్కలు కొని, తడి గోనెలో చుట్టి, విశాఖ నుంచి పాసింజరు బండిలో రోజంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. నల్లెరుపు రంగువి. మా పిల్లను కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదని మా ఆవిడ వేళాకోళం చేసింది.

మా వరస ఇళ్ళకు తోటపని చేసే మాలీ పేరు లచ్చయ్య. భద్రాచలం దారిలో ఎర్రబోరు దగ్గరి ఊరు, దొర్ల తెగ మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. కాంట్రాక్టరు కింద రోజుకూలీ, కొండ కింద ఉండేవాడు. అతనికి తెలుగు వచ్చు. మా తెలుగు కాదు, భద్రాచలం వైపు మాట. అతని నోట్లో మీరు అన్న మాట ఉండేది కాదు. సారు అంటూనే నువ్వు అనేవాడు. పెద్ద సాబునైనా అంతే. అది నాకు గుచ్చుకునేది. కానీ అంటు కట్టడంలో అతని చెయ్యి చూడాలి. అడవి గులాబీ కాండాన్ని చిన్న కత్తితో గీసి, అందులో మేలు గులాబీ చిగురు కన్ను జొనిపి, కుడి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి కట్టేవాడు. కట్టింది కట్టినట్టు పట్టేది.

ఇప్పుడు అసలు సంగతి. బ్లాస్టింగ్‌కు వాడే నైట్రేట్ తెల్ల గుళికల్లా ఉంటుంది. పొలానికి వేసే ఎరువు లాంటిదే. గనిలో మెట్టులా తవ్విన బెంచీ మీద ఒలికిపోయినదాన్ని ఊడ్చి, ఖాళీ సంచుల్లో పోసి, నేను ఇంటికి తెచ్చేవాణ్ణి. గులాబీలకు. పట్టుబడితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా. ఆ అడవుల్లో పేలుడు సామాను చేతులు మారిందంటే ఎవరూ నవ్వి వదిలేయరు. అది తెలిసీ తెచ్చాను. ఎందుకు? ఒక కప్పు కోసం. ఎలక్ట్రికల్ ఆయన మొహం చూడాలని. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను, దొరకలేదు.

కార్తీకంలో ఆ గుళికలు పాదుల్లో చల్లుతుంటే లచ్చయ్య చూశాడు. అది ఏమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగలేదు. ఇప్పుడెయ్యకు సారు అన్నాడు. మొక్క నిదరపోయే యేళ, దాన్ని లేపకు, లేత కొమ్మ చలికి నిలవదు అన్నాడు. నాకు నేర్పుతున్నావా అన్నాను. మిగిలిందీ చల్లేశాను. నెల తిరక్కుండా కొమ్మలు బెత్తెడు బెత్తెడు చిగుళ్ళు వేశాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. లచ్చయ్యకు వినబడేలా ప్రతి ఒక్కరితో వాటి గురించి మాట్లాడాను.

ఆ చలికాలం నేనెరిగిన చలికాలాల్లాంటిది కాదు. ఒక సాయంత్రం గాలి ఆగిపోయింది. ఆకాశం కడిగినట్టుంది. నేను క్లబ్బులో పేకాటలో ఉన్నాను. లచ్చయ్య పని ముగించుకుని దిగిపోవలసినవాడు, వెనక్కి వచ్చాడట. ఈ రాత్రి తెల్లది పడుతుంది, మొక్కలు కప్పాలి అన్నాడట మా ఆవిడతో. ఇంట్లో పాత దుప్పటి ఒక్కటే ఉంది. అతను షెడ్డులోకి వెళ్ళి వెతికాడు. కట్టెల వెనక నేను దాచిన ఖాళీ సంచులు దొరికాయి. ప్రతి మొక్క చుట్టూ పుల్లలు పాతి, పైన సంచి తొడిగి, మా ఆవిడ ఇచ్చిన పురికొసతో కట్టాడు. సంచుల మీది అక్షరాలు అతనికి చదవడం రాదు. నేను పొద్దుపోయి వచ్చి, తోట వైపు చూడకుండానే పడుకున్నాను.

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ బయటికొచ్చాను. గడ్డి అంతా తెల్లగా ఉంది. బకెట్లో నీళ్ళ మీద గాజు పలకలా మంచు కట్టింది. కంచె అవతల సెక్యూరిటీ జీపు ఆగి ఉంది. నా తోటలో పద్నాలుగు సంచులు వరసగా నిలబడి ఉన్నాయి, పేలుడు సామాను గుర్తులు బయటికి కనబడేలా. లచ్చయ్య అప్పటికే వచ్చి ఒక సంచి అంచు ఎత్తి చూస్తున్నాడు. లోపల చిగుళ్ళన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లబడి వాలిపోయాయి.

ఆఫీసరు జీపు దిగాడు. ఈ సంచులు ఎవరు తెచ్చారని హిందీలో అడిగాడు.

"మాలీ లాయా, సాబ్," అన్నాను.

మాలీ తెచ్చాడని, మూడు మాటలు. నోట్లో నురుగు కూడా ఉమ్మలేదు. ఆలోచించి అన్నానా? లేదు. ఆలోచించకుండా అంత నేర్పుగా అబద్ధం ఎలా వచ్చింది? మాలీలు గని ఆఫీసు తోటలోనూ పనిచేసేవాళ్ళు కాబట్టి నమ్మదగ్గ మాటే. అదంతా ఒక్క క్షణంలో నా బుర్రకు ఎలా తట్టింది? తెలియదు.

లచ్చయ్యకు హిందీ బాగా వచ్చు. నా వైపు చూశాడు. ఆగాడు. భయంతో ఆగాడని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది భయం కాదు. నాకు టైమిచ్చాడు. మాట వెనక్కి తీసుకోవడానికి ఒక మనిషికి ఎంత టైము కావాలో అంతా ఇచ్చాడు. నేను తీసుకోలేదు. అప్పుడు నోరు తెరిచాడు. "సారు," అన్నాడు. అంతే అన్నాడు. పాదు పక్కన పార ఉంది. తీశాను.

మొదటి దెబ్బ భుజం మీద. రెండోది నోటి మీద పడాలని కొట్టాను, చెవి మీద పడింది. ఆ రెండూ భయంతో కొట్టినవి. అతను మాట్లాడకూడదు, ఆఫీసరు నన్ను నమ్మాలి. అంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది, బహుశా మీరు కూడా అర్థం చేసుకుంటారు. కానీ ఆ రెండు దెబ్బలతో పని అయిపోయింది. ఆఫీసరు అప్పటికే నమ్మేశాడు, ఒక అడుగు వెనక్కి వేసి చూస్తున్నాడు. నేను ఆగవచ్చు. ఆగలేదు. ఆ నల్లబడ్డ చిగుళ్ళు కనబడ్డాయి. దాన్ని లేపకు అన్న మాట గుర్తొచ్చింది. వీడు చెప్పాడు. వీడు చెప్పిందే జరిగింది. నన్ను నువ్వు అనే రోజుకూలీవాడు ముందే చెప్పాడు. ఆ తర్వాత కొట్టినవన్నీ అందుకు కొట్టాను. నా అబద్ధాన్ని నేనే నమ్మినట్టు, నిజంగానే నా గులాబీల్ని చంపినవాడు నా ముందున్నట్టు, పళ్ళు కొరుకుతూ కొట్టాను.

తల కాచుకోవడానికి అతను కుడి చెయ్యి పైకెత్తాడు. ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ చెయ్యి నేను చూశాను. అది ఏ చెయ్యో నాకు తెలుసు. చూసి, గురి పెట్టి, పార తిరగేసి కర్ర వైపుతో కొట్టాను. ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. ఇంకోసారి కొట్టాను. అతను వెనక్కి, గులాబీల మీద పడ్డాడు. ముళ్ళు మొహానికి, మెడకు దిగాయి. సంచుల మీద రక్తం పడింది. అతను అరవలేదు. అరవనందుకు నాకు ఇంకా కోపమొచ్చి, కింద పడ్డవాణ్ణి వీపు మీద తన్నాను. గార్డులు వచ్చి పట్టుకున్నారు. ఆఫీసరు బస్ బస్, ఇక చాలు అంటూ, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగమని నాకు చెప్పాడు. లచ్చయ్యను జీపులో వేసుకుని వెళ్ళారు. సాయంత్రం దాకా గేటు దగ్గర ఉంచారని, అక్కడ మళ్ళీ కొట్టారని, కొండ కింద కూడా కనబడొద్దని తరిమేశారని తర్వాత విన్నాను. నా మీద ఎవరికీ అనుమానం రాలేదు. అంత కోపం వచ్చినవాడు దొంగ ఎందుకవుతాడు?

మా ఆవిడ వరండాలో నిలబడి అంతా చూసింది. సంచులు ఎవరు తెచ్చారో ఆమెకు తెలుసు. కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, ఆ పురికొస ఇచ్చింది తనేనని మాత్రం నాతో అంది. ఆ తోట పువ్వు మళ్ళీ జడలో పెట్టుకోలేదు.

మొక్కలన్నీ పీకేద్దామనుకున్నాను. పీకలేదు. అంతకుముందెప్పుడో లచ్చయ్యే చెప్పాడు, చలికి మాడిన గులాబీని పీకొద్దు, మొదటికంటా కోసి ఎండలు ముదిరేదాకా ఆగాలి, పానం వేరులో ఉంటుంది అని. అలాగే చేశాను. ఫాల్గుణంలో పద్నాలుగింటిలో పదకొండు చిగురు వేశాయి. కానీ అంటు కిందనుంచి వేశాయి. పైన మేలు జాతి చచ్చిపోయింది. అడవి గులాబీ బతికింది. చిన్న చిన్న తెల్ల పూలు పూసింది. వాటి మీద మళ్ళీ అంటు కట్టాలి. ఎవరు కడతారు? లచ్చయ్య కత్తి మా వరండా గట్టు మీదే ఉండిపోయింది. దానితో నేనే కూర్చుని నేర్చుకున్నాను. ఎన్నో పాడుచేశాను, వేళ్ళు తెగ్గోసుకున్నాను. మూడో ఏటికి నల్లెరుపు పూలు మళ్ళీ వచ్చాయి. ఆ ఏడు కప్పు నాకే ఇచ్చారు. మంచుకు సర్వం పోయినా అధైర్యపడకుండా మళ్ళీ మొదలుపెట్టిన మనిషి అని స్టేజీ మీద పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దణ్ణం పెట్టాను. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో గోడ మీద ఉంది.

కొన్నేళ్ళకు ఒకసారి కోంటా రోడ్డున భద్రాచలం వెళుతుంటే బస్సు దోర్నపాల్‌లో ఆగింది. సంత రోజు. టీ తాగుదామని దిగాను. గుడ్డ మీద చింతపండు కుప్ప పోసుకుని లచ్చయ్య కూర్చున్నాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర లోపలికి తిరిగిపోయి ఉంది. ఎడమ చేత్తో తూస్తున్నాడు. ముందు అతనే నన్ను గుర్తుపట్టాడు.

"పూలు బతికినయా సారు?"

"వేళ్ళు బతికాయి," అన్నాను.

"మరి అంటు ఎవలు కట్టిండ్రు?"

"నేనే కట్టాను."

నా చేతుల వైపు చూశాడు. "ఆ పొద్దు పుల్లలు పొట్టిగ పెట్టిన. సంచి ఆకుకు తాకింది, అందుకే మాడినయి. తప్పు నాదే అనుకున్న," అన్నాడు.

తన చెయ్యి గురించి అనలేదు. సంచుల గురించి అనలేదు. నిజంగా పుల్లల గురించే ఇన్నేళ్ళు ఆలోచించాడా, లేక నాకు ఇంకోసారి టైమిచ్చాడా? పుల్లల వల్ల కాదు లచ్చయ్యా, నేను వేసిన మందు వల్ల అని అనవలసింది. ఆ ఒక్క ముక్కయినా అనవలసింది. బస్సు హారన్ కొట్టింది. సగం టీ వదిలేసి ఎక్కేశాను. అతని కత్తి నా దగ్గరుందని కూడా చెప్పలేదు.

తర్వాత నక్సలైట్ల పోరులో ఆ రోడ్డు మీద కాల్పులు, మంటలు. భేజ్జి వైపు, ఎర్రబోరు వైపు ఊళ్ళకు ఊళ్ళు చెదిరిపోయాయి. కొందరు సర్కారు క్యాంపుల్లోకి, కొందరు గోదావరి దాటి ఇటు వచ్చారు. లచ్చయ్య ఎటు వెళ్ళాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. ఇక వెతకడం కుదరదులే అనుకున్నప్పుడు నాకు గుండె తేలికపడింది. మీకు చెప్పుకోవలసిన సిగ్గుల్లో అదీ ఒకటి.

ఇప్పుడు సముద్రం దగ్గరి ఊళ్ళో ఉంటున్నాను. ఇక్కడ మంచు పడదు. మేడ మీద కుండీల్లో గులాబీలున్నాయి, ఆ కత్తితో కట్టినవే. ఇదంతా రాసినందువల్ల ఎవరి విరిగిన చెయ్యీ అతుక్కోదు. మీరు క్షమించినా అది మీరు ఇవ్వగలిగింది కాదు. రాయకపోతే ఈ మాట నాతోపాటు కాలిపోతుందని రాశాను.

ఆ రోజు నేనాడిన అబద్ధం హిందీలో ఆడాను. అది నా భాష కాదు, అతనిదీ కాదు. మా ఇద్దరికీ తెలిసిన భాష మధ్యలో ఉండగా దాన్ని వదిలేశాను. అందుకని అతనికి అర్థమయ్యే మాటలోనే ఇప్పుడు చెబుతున్నాను.

లచ్చయ్యా, ఆ సంచులు తెచ్చింది నేను. నీ చెయ్యి చూసే కొట్టాను.