టేపు కారు, సగం మీసం

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ వీధిలో అది ఎవరికీ గుర్తులేదు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి అందరూ టేపు అనే అంటారు. పిల్లలకైతే టేపు మామయ్య. భోజనానికి కూర్చున్నా టేపు మెడలోనే ఉంటుంది. పడుకునే ముందు భార్య దాన్ని తీసి మేకుకి తగిలిస్తుంది.

వీధి ఎగువన ఆయన కుట్టుకొట్టు. అదే వీధి దిగువన, పల్లం సరిగ్గా ముగిసేచోట, ఆయన బావమరిది సెలూను. ఆ బావమరిదికి కూడా అసలు పేరు అరిగిపోయి మీసాలు అన్న పేరు మిగిలింది. చెవుల దాకా సాగి, కొసల్లో పైకి తిరిగిన ఆ మీసమే అతని దుకాణానికి బోర్డు. "మీసం చూసి లోపలికొస్తారు, కత్తి చూసి కదలకుండా కూర్చుంటారు. ఇంకేం కావాలి?" అంటాడు.

టేపు కారు కొన్నది ఊరేగుదామని కాదు. కొట్టు పక్క సందులో పళ్ళ డాక్టరుగారు వదిలేసిన పాత కారు ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉండేది. టైర్లు నేలకి కరుచుకుపోయాయి. వెనక సీటు కింద పిల్లి రెండుసార్లు ఈనింది. ఒకరోజు పాత ఇనుము వాళ్ళు దాన్ని ఎత్తుకెళ్ళడానికి వచ్చారు. చప్పుడు విని టేపు సూది చేత్తో పట్టుకునే బయటికి పరిగెత్తుకొచ్చాడు. ఆ కారు సీటు కవర్లు ఆయన కుట్టినవే. ముదురాకుపచ్చ గుడ్డ, చుట్టూ తెల్లని పైపింగు అంచు, మూలల్లో ఒక్క ముడత లేదు.

"కావాలంటే కవర్లు ఊడదీసుకోవయ్యా" అన్నాడు, ఇనుము వాళ్ళతో వచ్చిన డాక్టరు.

"ఊడదీసి ఎవరికి తొడగనండీ? దాని ఒళ్ళు చూసి కుట్టినవి" అన్నాడు టేపు. ఇనుము వాళ్ళు ఇస్తామన్నదే తనూ ఇచ్చి కారు తీసుకున్నాడు.

భార్య గుమ్మంలో నిలబడి సీటు కవర్లనీ, వాటి కింద ఉన్న కారునీ, దాని పక్కనున్న మొగుణ్ణీ చూసింది. "కళ్ళెం దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి గురించి వినడమే గానీ, వాడికి వండిపెట్టే రాత నాకుందని తెలీదు" అంది.

సాయంత్రం మీసాలు వచ్చి కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. బానెట్ మీద వేలితో గీస్తే తుప్పు పొరలు పొరలుగా రాలింది.

"బావా, ఇది కదిలిందంటే సగం మీసం తీసేసుకుంటా."

"కదలడమేంట్రా? నీ గుమ్మం ముందుకొచ్చి ఆగుతుంది."

"మాట మీద ఉంటావా? మెకానిక్ చెయ్యి పడకూడదు. నీ అంతట నువ్వే బాగుచేసి, వానలు పడేలోగా నా గుమ్మం ముందు ఆపాలి. అప్పుడు అందరూ చూస్తుండగా సగం మీసం తీసేస్తా. ఆపలేకపోతే?"

టేపు మెడ తడుముకున్నాడు. "ఈ టేపు నీ చేతికిచ్చి, ఖాళీ మెడతో తిరుగుతా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. భార్య మాత్రం లోపలికెళ్ళి అన్నం వార్చుకుంది. ఒకడు తమ్ముడు, ఒకడు మొగుడు. ఎవడు గెలిచినా ఇంట్లో ఒకడు బోసిగా మిగుల్తాడు.

కుర్రతనంలో టేపు కొన్నాళ్ళు బట్టల మిల్లు వ్యాను తోలాడు. బండి నడపడం వచ్చు గానీ దాని కడుపులో ఏముంటుందో తెలీదు. అయినా భయపడలేదు. కుట్టు విప్పితే గానీ కుట్టు తెలియదని పని నేర్పిన గురువు చెప్పేవాడు. పాత కోటు విప్పి, మళ్ళీ కుట్టి కోటు నేర్చుకున్నవాడికి కారొక లెక్కా? బానెట్ ఎత్తి, విప్పిన ప్రతి ముక్క మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. ఎక్కడి బోల్టుల్ని అక్కడి రంగు దారానికి గుచ్చి దండలు కట్టాడు. కొట్టు గోడకి బ్లౌజుల పక్కన బోల్టుల దండలు వేలాడాయి. ఒకావిడ ఎర్రదారం దండ చూసి, "ఇది కొత్త మోడలా అన్నయ్యా?" అని అడిగింది.

తెలియనివాటికి పాత సామాన్ల కొట్టాయన దగ్గరికి పోయేవాడు. అరిగిన ముక్క చూపిస్తే ఆయన దాని జత ముక్క అమ్మి, పైన ఒక సలహా పడేసేవాడు. అలా కార్బురేటరు కడగడం, ప్లగ్గులు గీకడం వచ్చేశాయి. కానీ దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంజను మళ్ళీ బిగించాక గుప్పెడు బోల్టులు మిగిలాయి. టేపు ముఖం వెలిగిపోయింది.

"చూశావా? ఎంత పొదుపుగా బిగించానో! కటింగులో మిగిలిందే కదా లాభం."

"నాకు కడుపు కోసిన డాక్టరు కూడా ఇలా పొదుపు చేసుంటే ఈపాటికి నేను లాభాల్లో ఉండేదాన్ని. విప్పండి ముందు" అంది భార్య.

విప్పి, వాటి చోట్లు వెతికి అన్నీ బిగించాడు. ఒక్క వంకర కడ్డీ మాత్రం ఎక్కడిదో అంతుపట్టలేదు. దానికి దారమూ లేదు, సుద్ద గుర్తూ లేదు. గుండీల డబ్బాలో పడేశాడు.

తర్వాత ఇంజను పలికింది. వీధిలో కాకులన్నీ లేచాయి. టేపు గర్వంగా బానెట్ మూశాడు. కాసేపు దగ్గి ఇంజను చచ్చింది. తెరిచాడు, మళ్ళీ పలికింది. మూశాడు, మళ్ళీ చచ్చింది. పొద్దంతా తెరవడం, మూయడం. సందు చివర మీసాలు అరుగెక్కి కూర్చుని, "బావా, కారు కొన్నావా, సిగ్గరి పెళ్ళికూతుర్ని తెచ్చుకున్నావా? ముసుగేస్తే మాట్లాడదేం?" అని నవ్వాడు.

కాజాలు కుడుతున్న భార్య తలెత్తింది. "మూతేస్తే చస్తోందంటే మూత కింద ఏదో నలుగుతోంది. వంగి చూడండి."

వంగి చూస్తే పెట్రోలు పైపు. ఉండాల్సిన దానికి మూరెడు ఎక్కువగా ఉండి, సగం చుట్ట తిరిగి పైకి లేచింది. బానెట్ దించగానే మడత పడి గొంతు మూసుకుపోతోంది.

"ఇంత పొడుగెందుకు పెట్టారు?"

టేపు నసిగాడు. "లోపల కాస్త వదిలాను. పిల్లల గౌన్లకి వదలమూ? రేప్పొద్దున పొడుగు చాలకపోతే..."

"కారు పెరుగుతుందా అండీ?"

టేపు కత్తెర తీసుకున్నాడు.

ఇక మిగిలింది బ్రేకులు. అరిగిన రబ్బర్లు మార్చి ఆయిలు పోశాడు. పెడలు నొక్కితే దూదిమూట మీద కాలేసినట్టు నేల దాకా దిగిపోయింది. పాత సామాన్లాయన తల ఊపాడు. "గొట్టాల్లో గాలి ఉండిపోయింది. ఒకళ్ళు పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకళ్ళు చక్రం దగ్గర చిన్న మర వదిలితే ఆయిలుతో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. మర బిగించాకే కాలు తియ్యాలి. ముందే తీశారో, పోయిన గాలంతా మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. గుర్తుంచుకో, తొక్కి, పట్టుకోవాలి."

భార్య చీర కుచ్చిళ్ళు సర్దుకుని సీట్లో కూర్చుంది. టేపు స్పానరు, సన్న గొట్టం, సీసాతో చక్రం కింద దూరాడు.

"తొక్కి పట్టుకో!"

తొక్కింది. మర వదిలాడు. ఆయిలు వచ్చినట్టే వచ్చి గొట్టంలోంచి గుటక వేసినట్టు వెనక్కి పోయింది.

"కాలు తీశావా?"

"తియ్యలేదండీ."

మళ్ళీ చేశారు. మళ్ళీ అదే గుటక. టేపు బయటికి పాకి చూస్తే భార్య కాలు టకటకా పెడలు మీద ఆడుతోంది. ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు.

"నేనేం చెయ్యను? నేను ఆపుదామనే అనుకుంటున్నా. అదే ఆడుతోంది."

"లే, నేను తొక్కుతా. నువ్వు మర తిప్పు" అన్నాడు టేపు. ఆవిడ చక్రం దగ్గర కూర్చుంది. రెండు క్షణాలకే ఆవిడ నవ్వు వినిపించింది. టేపు కాలు ఆవిడ కాలికి గురువు! పైగా చేతులు స్టీరింగు మీద గుడ్డ జరుపుతున్నట్టు ముందుకి పోతున్నాయి.

మూడు పూటలు అదే తంతు. సీసా నిండుతోంది, పెడలు దూదిలాగే ఉంది. పడమట మబ్బు కమ్ముకుంది. టేపు తనకి తెలియకుండానే మెడలోని టేపుని పదే పదే నిమురుకుంటున్నాడు.

పరామర్శకన్నట్టు మీసాలు వచ్చాడు. "ఏం బావా, టేపు ఉతికి ఇస్తావా, ఇలాగే ఇస్తావా?"

జవాబు అక్క ఇచ్చింది. "రేపు పొద్దున బండి దించుతున్నాం. నేను ముందు సీట్లో కూర్చుంటున్నా."

"బ్రేకులు?"

"ఉన్నంత ఉన్నాయి."

మీసాలు తిరిగి పల్లం కేసి చూశాడు. వీధి జారుడుబల్లలా దిగి, దిగి, నేరుగా తన సెలూను నోట్లోకి పోతోంది. లోపల గోడంత అద్దం మెరుస్తోంది. "మా అద్దం!" అన్నాడు అప్రయత్నంగా. తర్వాత అక్కని చూశాడు.

"నువ్వెందుకే అక్కా అందులో?"

"ఆయన చేసిన కారు నేనెక్కకపోతే ఇంకెవరెక్కుతారురా?"

మీసాలు తన మీసం రెండు కొసలూ మెల్లగా తిప్పుకున్నాడు, ఊరెళ్ళేవాళ్ళకి వీడ్కోలు చెబుతున్నట్టు. చెప్పులు విడిచి వచ్చి సీట్లో కూర్చున్నాడు.

"దూరు బావా కిందికి. తొక్కి పట్టుకోవడమంటే ఏంటో చూద్దువు గానీ. నా సెలూను కుర్చీ పెడలు తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగుతుంది. మధ్యలో కాలు లేపితే కూర్చున్నాయన మెడ కత్తి దగ్గర గెంతుతుంది. ఈ కాలు కదిలిందా, నా బతుకు జైల్లోనే."

టేపు చక్రం కింద పడుకుని మర వదిలాడు. బుడగలు గుంపులుగా వచ్చాయి. అప్పుడు తట్టింది ఆయనకి. కింద ఉన్న తనకి పైన కాలు కనబడదు. వాడు వేలెడంత ఎత్తితే చాలు, టేపు వాడిది, మీసం వాడిది. ఎవరికీ తెలియదు. సీసా కేసి కళ్ళార్పకుండా చూశాడు. బుడగ వచ్చింది, ఇంకోటి, ఆ తర్వాత ఆయిలు ఒక్కటే సన్నగా, నిలకడగా. గుటక పడలేదు. నాలుగు చక్రాల దగ్గరా పడలేదు.

"ఇప్పుడు రాయిలా ఉంది బావా" అన్నాడు మీసాలు పైనుంచి. గొంతులో గర్వం, ఏడుపు కలిసి ఉన్నాయి. "మెకానిక్ చెయ్యి పడలేదు. నా కాలు పడింది. పందెం పందెమే."

పొద్దున్నే వీధంతా మెట్లెక్కి నిలబడింది. టేపు స్టీరింగు దగ్గర, పక్కన భార్య, వెనక గుండీల డబ్బా, ఎందుకైనా మంచిదని. కారు సందులోంచి దగ్గుతూ వచ్చి పల్లం దిగడం మొదలెట్టింది. వేగం అందుకుంది. సెలూను మెట్టు మీద మీసాలు అద్దానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, తను నిలబడితే కారు ఆగుతుందన్నట్టు. టేపు కాలు బ్రేకు మీద పడింది. జన్మలో మొదటిసారి ఆ కాలు ఆడలేదు. మెట్టుకి జానెడు దూరంలో కారు ఆగింది.

అరుపులు, ఈలలు. మీసాలు లోపలికెళ్ళి కత్తి, నురగ తెచ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముక్కు కింద సరిగ్గా మధ్యలో కత్తి ఆనించాడు.

"ఆగరా" అంటూ టేపు దిగాడు. మెడలోంచి టేపు తీసి ఈ కొస నుంచి ఆ కొస దాకా మీసం కొలిచాడు. జేబులోంచి సుద్దముక్క తీసి రెండు వైపులా గీత పెట్టాడు. "పొడుగు చొక్కా పొట్టి చెయ్యాలంటే ఒక్క చెయ్యే కత్తిరిస్తామా? రెండు చేతులూ సమంగా తగ్గిస్తాం. ఈ కొసన పావు, ఆ కొసన పావు. సగం సరిపోయింది."

ఎవరో అభ్యంతరం చెప్పబోయారు గానీ కొలతలు తీసింది టేపు. వాదన ఎవరు వింటారు?

కొసలు రాలాయి. మీసాలు అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు. "కుదిరింది బావా" అన్నాడు, ఆశ్చర్యంగా.

"పెరిగే సరుకు కదా. ఇక్కడ లోపల వదలక్కర్లేదు" అన్నాడు టేపు.

అప్పుడు కారు హారను మోగింది. ఆగకుండా మోగింది. అందరూ తిరిగి చూశారు. ముందు సీట్లోంచి ఆవిడ ఒక చేత్తో హారను నొక్కి పట్టుకుని, రెండో చేత్తో తలుపు లోపలి పిడి లాగుతోంది. ఎంత లాగినా పిడి గిర్రున తిరుగుతోంది తప్ప తలుపు రావడం లేదు.

టేపుకి గుండీల డబ్బాలో వంకర కడ్డీ గుర్తొచ్చింది.

"మీ మీసాలు, కొలతలు తర్వాత చూసుకుందురు గానీ," అంటోంది ఆవిడ కారు అద్దం సందులోంచి, "ముందు నన్ను దించండి!"

తమ్ముడు పరిగెత్తుకొచ్చి బయటినుంచి తలుపు లాగాడు. "రా అక్కా."

ఆవిడ దిగి, తమ్ముడి మొహం ఎగాదిగా చూసింది. "ఇప్పుడు కాస్త మనిషిలా ఉన్నావురా" అని, మొగుడి వైపు తిరిగింది. "తిరిగి ఎగువకి తోసుకెళ్తారా, నడిపిస్తారా? నేను మాత్రం నడిచే వస్తా."