మార్త గొంతు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇది దయ్యం కథ అని ఇప్పటికీ అనలేను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

బెంగళూరులో వర్తూరు వైపు కుళాయిలకు క్రోమ్ పూత వేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అది మూతపడేదాకా నేను అందులోనే పనిచేశాను. పూత అయి వచ్చిన కుళాయిలను పాలిష్ పొడితో తుడిచి, అట్టపెట్టెల్లో సర్దడం మా పని. అక్కడి నుంచి అవి చిక్కపేట దుకాణాలకు వెళ్ళేవి.

నా పక్క బల్ల మార్తది. పెళ్ళయ్యాక గుంటూరు వైపు నుంచి బెంగళూరు వచ్చిన మనిషి. చర్చిలో పాటలు పాడేది. మిషన్ల హోరులో కూడా షెడ్డు ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివరకు వినపడే గొంతు. పాలిష్ పొడి అంటుకుని నా మొహం తళతళలాడుతోందని నన్ను ‘మెరుపు’ అనేది. ఆ పేరుతో నన్ను ఇంకెవరూ పిలవలేదు. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు. అది మా ఇద్దరి మధ్యా ఉండాల్సిన మాట అనిపించేది.

ఫ్యాక్టరీ మూసేశాక మార్త వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. అప్పట్లో మా దగ్గర ఫోన్లు లేవు. కొన్నాళ్ళు వాళ్ళ ద్వారా వీళ్ళ ద్వారా కబుర్లు తెలిసేవి. తర్వాత అవీ ఆగిపోయాయి.

ఆ స్థలం చాలా ఏళ్ళు అలాగే పడి ఉంది. వానొస్తే గోడ కింద నుంచి పసుపుపచ్చటి నీళ్ళు కారేవి. చివరికి ఒక కంపెనీ కొని, అక్కడ ఇళ్ళు, అంగళ్ళు, లైబ్రరీ, పార్కు కడతామంది. కట్టే ముందు నేలను బాగు చేయాలి. మా అమ్మాయి లత ఆ మట్టిని పరీక్షించే జట్టులో పనిచేసింది. విషం ఇంకిన మట్టిని లోతుగా తవ్వి, టార్పాలిన్లు కప్పిన లారీల్లో తరలించి, కొత్త మట్టి పోశారు. బోరునీళ్ళను కూడా శుభ్రం చేశారు. మా షెడ్డును మాత్రం కూల్చలేదు. కడిగి, పైకప్పు మార్చి, అందులో కూరగాయల సంత పెట్టారు.

ఇళ్ళల్లో జనం చేరాక ఒక ఆదివారం పొద్దున లత నాకు ఆ సంత చూపించడానికి తీసుకెళ్ళింది. నా బల్ల ఉండే చోట ఒకామె కరివేపాకు అమ్ముతోంది. మా కిటికీ ఎక్కడుండేదో వెతుక్కుంటూ నిలబడ్డాను.

“ఏమే మెరుపూ, టీ చల్లారిపోతోందే!”

నా వెనక నుంచి. అదే గొంతు, చివర అదే సాగదీత.

నేను తిరిగి చూడలేదు. చూస్తే పోతుందేమో అనిపించింది. భయం వేయలేదు. ఇంకొక్కసారి పిలిస్తే చాలనుకున్నాను.

లత నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, నీ వెనకాల ఎవురో మెరుపూ అని పిలిస్తిరి కదా? చూస్తే ఎవురూ లేరే!”

అప్పుడు వేసింది నాకు భయం. నేనొక్కదాన్నే విని ఉంటే భ్రమ అని సరిపెట్టుకునేదాన్ని. కరివేపాకు ఆమెను అడిగితే తనకేమీ వినపడలేదంది. లత స్పీకర్లేమైనా ఉన్నాయేమోనని పైకప్పంతా చూసింది. లేవు.

మార్త పోయి ఉంటుంది, అందుకే వచ్చి పిలిచింది అనుకుని ఇంటికొచ్చి ఏడ్చాను. లత ఊరుకోలేదు. ఒకప్పుడు మార్త వెళ్ళే చర్చిలో పాతవాళ్ళను పట్టుకుని ఆమె కూతురి నంబరు సంపాదించింది. ఆ అమ్మాయి నెల్లూరులో నర్సు.

ఫోన్ చేసి, “మీ అమ్మ...” అని ఆగిపోయాను.

“బాగానే ఉందండీ, ఇదిగో, నా పక్కనే కూర్చునుంది,” అంది ఆ అమ్మాయి. “కానీ మాట్లాడలేదండీ. గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. చాలా ఏళ్ళయింది.”

వీడియో పెట్టింది. జుట్టంతా నెరిసిన మార్త. మెడకు తెల్లటి గుడ్డ. నన్ను చూసి పెదాలు కదిపింది. ఏమందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సంతలో జరిగింది చెప్పాను. నవ్వేస్తుందనుకున్నాను. నవ్వలేదు. కూతురి వైపు తిరిగి సైగలు చేసింది.

“అమ్మ ఏమంటోందంటే...” ఆ అమ్మాయి తడబడింది. “తన గొంతు ఎలా ఉండేదో తనకే గుర్తు లేదంట ఆంటీ. ఈసారి వినపడితే ఫోన్లో తనకు కూడా వినిపిస్తారా అని అడుగుతోంది.”

ఆ గొంతు మళ్ళీ వినపడలేదు. ఆ నేలలో పాతది ఏదీ మిగల్లేదని పరీక్ష చేసి చెప్పిన లతే దీనికి కారణం చెప్పలేకపోతోంది. నాకసలే తెలియదు. మనిషి బతికుండగా గొంతొక్కటే వేరుగా ఎక్కడ ఉండిపోతుంది?

అయినా ఆదివారం ఆదివారం సంతకు వెళ్ళి, మార్తకు ఫోన్ కలిపి, చేత్తో పట్టుకుని కూర్చుంటాను. బేరాలు, సంచుల చప్పుడు, పిల్లల అరుపులు. అక్కడ మార్త ఫోను చెవికి ఆనించుకుని వింటూ ఉంటుంది. ఇద్దరిలో ఎవరమూ పెట్టేయం.